చీమలకి కట్టిన తాడు

మందస దగ్గర, ఉద్దానం
9 మార్చి 2025, ఆదివారం

చెల్లెలి లాంటి నయోమికి,

నువ్వు అప్పా అని పిలిచే నీ అక్క వరహాలు రాస్తున్న ఉత్తరం. మీ పద్ధతిలో వందనాలు, మా పద్ధతిలో ఆశీస్సులు, ఏది పుచ్చుకుంటావో నీ ఇష్టం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మా ఆయన, అదే మీ అన్న ఢిల్లీబాబు, మోకాలు నొప్పి అని సణుగుతూనే రోజుకి రెండుసార్లు తోట చుట్టి వస్తున్నాడు. అక్కడ నువ్వూ, నీ కూతురు కృపా క్షేమమని తలుస్తాను. తలచడమే కాదు, కనుక్కున్నాను కూడా. కాశీబుగ్గలో జీడి బట్టీలో పిక్కలు కొట్టి పప్పు తీస్తున్నావనీ, జీడి నూనె తగిలి వేళ్లు పొక్కిపోయాయనీ ఊరొచ్చినప్పుడు కృపే చెప్పింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. చేశాను, నువ్వు ఎత్తలేదు. ఎత్తినా లాభం లేదులే. నా గొంతు సంగతి నీకు తెలుసు, మంచి మాట కూడా తగువాడినట్టే వస్తుంది. కాగితం మీదైతే కాస్త నెమ్మదిగా ఉంటానని కృప చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. పోయిన ఆదివారం నువ్వు మీ చర్చిలో నెల మొదటి ఆదివారం జరిగే బల్లారాధనకి ఊరొచ్చి, తిరిగి వెళ్తూ మా తోట పక్క బాటలోనే నడిచావు. నేను కంచె ఇవతల మొగలిపొద దగ్గర నిలబడి ఉన్నాను. పిలుద్దామని నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు మాట రాకపోవడం పద్దెనిమిదేళ్లలో ఎప్పుడైనా చూశావా?

మన జీడితోట బతికింది నయోమీ. ముందు ఆ మాట రాసేస్తే నా గుండె కుదుటపడుతుంది. మాడిన చిగుళ్లు పోయి మళ్లీ రాగి రంగు లేతాకు వచ్చింది, పూత నిలిచింది, పిక్క దిగింది. నిన్న పొద్దున్న పడక చెట్టు కింద మొదటి పండు రాలితే మీ అన్న దాన్ని తుడిచి దేవుడి పటం ముందు పెట్టాడు. తోటంతా బాగుందని అబద్ధం రాయను. తిత్లీ తుఫానుకి పోయినవి పోగా మనకి మిగిలినవి యాభై మూడు చెట్లు కదా, అందులో ముప్పై నాలుగు తేరుకున్నాయి. పడమటి వైపువి ఇంకా నల్లగానే ఉన్నాయి. అవి ఎందుకు అలా ఉన్నాయో ఇప్పుడు నాకు తెలుసు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీకు తెలిసిన సంగతులే మళ్లీ రాస్తున్నానని విసుక్కోకు. వరసలో పెట్టుకోకపోతే నాకే బోధపడదు.

రెండేళ్ల కిందట శివరాత్రి రోజుల్లో తోటలో ఎర్ర చీమల గూళ్లు కాల్చారు. పిక్కలు ఏరేవాళ్లని కుడుతున్నాయని మీ అన్నే కాల్పించాడు, అప్పుడు ఊళ్లో అందరికీ అదే చెప్పాం. ఎండు కొబ్బరాకు పొడుగాటి గెడకి కట్టి, ఒక్కో గూడూ అంటించి, మిగిలిన వాటి మీద మందు కొట్టించాం. నువ్వు మర్నాడు వచ్చి నల్లబడిన గూళ్లు చూసి తల పట్టుకున్నావు. తోటకి కావలి లేకుండా చేసుకున్నామన్నావు. నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాతి ఏడు చిగురు వేసిన కొమ్మ వేసినట్టే మాడింది. లేత కాడల మీద నల్లటి మచ్చలు, వాటి నుంచి జిగురు, వారం తిరిగేసరికి కొమ్మ చివర వేలాడిపోయి ఎండిపోవడం. పూత కూడా అంతే, నిప్పు సెగ తగిలినట్టు కమిలిపోయింది. చూసి నాకు మతి పోయింది. ఎవరో ఒకరి మీద పడాలి కదా, నీ మీద పడ్డాను. ముందు ఏడు పిక్కలు దులిపేటప్పుడు నీ జట్టు మనుషులు తొందరలో గెడలతో కొమ్మలు చితకబాదారనీ, ఆ దెబ్బలకే చెట్లు ఎండాయనీ పదకొండు మంది ఆడవాళ్ల ముందు అరిచాను. నువ్వు ఎదురు అరవలేదు. చేతిలో గెడ చెట్టుకి ఆనించి ఒక్క మాట అన్నావు.

"నా గెడ సెట్టుకి ఎప్పుడూ దెబ్బెయ్యలేదప్పా. సీమల్నడుగు, మిగిలుంటే సెప్తాయి."

అని, నీ టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయావు. నేనన్న మాట మాత్రం ఊళ్లో ఉండిపోయింది. పక్క తోటల వాళ్లు కూడా నిన్ను పిలవడం మానేశారని, నయోమి జట్టు అంటే చెట్లు విరిచే జట్టు అని పేరు పడిందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. తెలిశాక కూడా నోరు విప్పలేదు. మొండితనం, ఇంకేమీ కాదు.

ఇక తాడు సంగతి. మొన్న దీపావళి వెళ్లిన సోమవారం పొద్దున్న తోటకి వెళ్తే, మీ చర్చి ఆవరణలోని మామిడిచెట్టు నుంచి బాట మీదుగా మా మొదటి జీడిచెట్టు కొమ్మకి ఒక కొబ్బరి తాడు కట్టి ఉంది. మనిషి తలకి తగలనంత ఎత్తులో, బిగుతుగా. ముందు ఎవరో కేబుల్ వైరు లాగడానికి కొలత పెట్టారనుకున్నాను. దగ్గరికి వెళ్తే తాడు కదులుతున్నట్టు కనిపించింది. కళ్లు చిట్లించి చూద్దును కదా, చీమలు. ఎర్ర చీమలు వరస కట్టి వస్తున్నాయి. కొన్ని ఉత్త చేతులతో, కొన్ని నోట్లో బియ్యపు గింజంత తెల్ల పిల్లల్ని కరుచుకుని. ఎండకి కాలే ఆ ఇసక బాట దాటలేక ఇన్నాళ్లూ మామిడిచెట్టు మీదే ఉండిపోయిన చీమలు, దర్జాగా మా తోటలోకి దిగుతున్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ముక్కాలి పీట వేసుకుని, కొడవలి తీసుకుని ఎక్కాను. తాడు కొయ్యబోతూ ముడి చూశాను. రెండు చుట్లు వేసి, కొస లోపలికి దోపి, పైన అడ్డంగా ఇంకో చుట్టు. పిక్కల గోనెలకి నువ్వు వేసే ముడి. దాన్ని విప్పలేక మీ అన్న ఎన్నిసార్లు గోనె చింపాడో గుర్తుందా? ముందు రోజు నెల మొదటి ఆదివారం, నువ్వు చర్చికి ఊరొచ్చే రోజు అని అప్పుడు తట్టింది.

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది కానీ, నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? నువ్వు పగ తీర్చుకుంటున్నావనుకున్నాను. నన్ను కుట్టించడానికే చీమల్ని తోలావనుకున్నాను. తాడు కోస్తే, నీ దెబ్బ నాకు తగిలిందని నువ్వు సంబరపడతావు. అందుకని కొయ్యలేదు. ఉండనీ, నేనేమీ భయపడనని కొడవలి పట్టుకుని దిగిపోయాను. ఆ తాడు మిగలడానికి కారణం నా బుద్ధి కాదమ్మా, నా పొగరు.

డిసెంబరులో మా సచివాలయం ఉద్యాన అసిస్టెంట్ వచ్చింది. ప్రమోదిని అని, టెక్కలి పిల్ల. పంట నమోదుకి వచ్చి, నల్లబడిన కొమ్మలు చూసి ఆగిపోయింది. నేను కర్ర దెబ్బల కథ మొదలుపెట్టాను. ఆ పిల్ల ఒక లేత కాడ వంచి, దాని మీద ఉన్న సన్నటి పురుగుని చూపించింది. దోమకన్నా కాస్త పెద్దది, కాళ్లు పొడుగు. టీ దోమ అంటారట దాన్ని. సూది లాంటి మూతి కాడలో గుచ్చి రసం పీలుస్తుందట, గుచ్చిన చోటల్లా మచ్చపడి కొమ్మ ఎండుతుందట. గెడ దెబ్బ తగిలితే కొమ్మ విరుగుతుంది గానీ ఇలా మచ్చలు పడి మాడదని చెప్పింది. అలాగే చాలా తోటల్లో ఈ పురుగు ఉన్నా, ఎర్ర చీమలు తిరిగే చెట్ల మీద నిలవలేదని కూడా చెప్పింది. అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను.

తర్వాత నన్ను చేయి పట్టుకుని ఆ తాడు కట్టిన చెట్టు దగ్గరికి తీసుకెళ్లింది. లేతాకు ఒకటి తిప్పి, దాని అడుగున మెరుస్తున్న చుక్క చూపించింది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకోమంది. తియ్యగా ఉంది. నలభై ఏళ్లుగా జీడితోటలో తిరుగుతున్నదాన్ని, జీడాకు తేనె కారుస్తుందని నాకు తెలియదు. పూలో తేనె ఉంటుంది, తేనెటీగ వస్తుంది, ఆ సంగతి ఎవరికైనా తెలుసు. ఆకు అడుగున తేనె ఎవరికోసం?

"కావలోళ్లకి ఆంటీ. ఈ సెట్టు తన కావలోళ్లకి తనే కూలి ఇస్తాది," అంది ఆ పిల్ల.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పీట వేసుకుని ఆ చెట్టు కింద కూర్చుంటున్నాను. మీ అన్న నాకేదో గాలి సోకిందనుకున్నాడు. ఎంత చూసినా తనివి తీరదు నయోమీ. లేతాకు రాగి రంగులో, మెత్తగా, పురుగు కొరకడానికి వీలుగా ఉన్నన్ని రోజులే దాని అడుగున తీపి ఊరుతుంది. చీమ వచ్చి మీసాలతో తడిమి, చుక్క తాగి, అక్కడక్కడే తిరుగుతుంది. పురుగు వాలిందంటే నాలుగైదు చేరి తరిమేస్తాయి. ఆకు ముదిరి, పచ్చబడి, తోలులా గట్టిపడ్డాక తీపి ఆగిపోతుంది. ఇక ఆ ఆకుకి కాపలా అక్కర్లేదు. ఈలోపు పూకాడలు వస్తాయి, తీపి అక్కడ మొదలవుతుంది. పిందె దిగాక లేత పిక్క దగ్గర కూడా చీమలు మూగడం చూశాను. ఎప్పుడు ఎక్కడ దెబ్బ తగులుతుందో చెట్టుకి తెలుసు, అక్కడే మనుషుల్ని పెట్టుకుంటుంది. కళ్లు లేవు, కాళ్లు లేవు, నిలబడ్డ చోటు నుంచి కదలలేదు. అయినా తన ఇంటిని ఎంత చక్కగా నడుపుకుంటోందో చూడు.

గూడు కట్టడం కూడా చూశాను. ఒక ఆకు అంచు మీద వరసగా నిలబడి, పక్క ఆకు అందకపోతే ఒకదాని నడుం ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి, దాన్ని దగ్గరికి లాగుతాయి. అప్పుడు ఇంకో చీమ నోట్లో పిల్లని తెచ్చి, అటూ ఇటూ ఆడిస్తే దాని నోటి నుంచి పట్టు దారం వచ్చి ఆకులు అతుక్కుంటాయి. ఇలాంటి ఇళ్లని మేం కాల్చాం.

పిక్క పెరగడం కూడా ఈ ఏడే సరిగ్గా చూశాను. గుత్తికి వందల పూలు పూస్తే నిలిచేవి చేతి వేళ్లన్ని. ముందు పిక్క తన కొలతకి వచ్చేస్తుంది, పండు దాని వెనక చిన్న కాడలా ఉంటుంది. పిక్క ఎదిగిపోయాక అప్పుడు పండు ఉబ్బుతుంది. పిల్ల పెద్దదయ్యాక తల్లి పుట్టినట్టు ఉంటుంది చూస్తే. ఇన్నేళ్లు గోనెలకి ఎత్తించాను గానీ, ఒక్క రోజు నిలబడి చూడలేదు. నువ్వు చూసేదానివి. పని మానేసి చెట్లని చూస్తోందని నిన్ను కసిరేదాన్ని.

పడక చెట్టు గుర్తుందా? తిత్లీకి వేళ్లతో సహా పడిపోతే, కోయించి కట్టెలకి వేద్దామన్నాను. నేలకి ఆనిన కొమ్మ మోచేతి దగ్గర చిన్న చిగురు చూపించి, ఒక్క వర్షాకాలం ఆగమని నువ్వే బతిమాలావు. ఆ మోచేయి ఇసకలో వేళ్లు దింపింది. పడుకున్న చోటు నుంచే పైకి లేచింది. దాని బోదె మీద కూర్చునే మీరందరూ అన్నాలు తినేవారు, ఈ ఏడు మొదటి పండు కూడా అదే ఇచ్చింది. తోట గురించి నువ్వు చెప్పిన ఏ మాటా తప్పు కాలేదు. నీ గురించి నేను చెప్పిన మాటే తప్పయింది.

ప్రమోదిని చెప్పాక నేను కూడా తాళ్లు కట్టాను. తిత్లీకి చెట్లు పడిపోయిన చోట్ల ఖాళీలు ఉన్నాయి కదా, చీమలు ఒక వరస నుంచి ఇంకో వరసకి వెళ్లలేకపోతున్నాయి. ఊళ్లో ఉన్న పాత తాళ్లన్నీ పోగుచేశాను. నా ముడులు మూడు రోజులు కూడా ఆగలేదు, తాడు జారి చీమలన్నీ నా తల మీద పడ్డాయి. మీ అన్న బూడిద డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. తూర్పు వైపు ఎలాగో కట్టగలిగాను. పడమటి వైపు ఖాళీ పెద్దది, నా చేత కాలేదు. ఆ పంతొమ్మిది చెట్లు ఇంకా నల్లగా ఉండటానికి కారణం అదే. నువ్వు కట్టిన తాడు మాత్రం నవంబరు నుంచి వెంట్రుక వాసి కూడా సడలలేదు.

తోటంతా కలియదిరుగుతూ ఒకటే అనుకుంటున్నాను. చెట్టు తన కావలివాళ్లని ఎలా చూసుకుందో, నేను నా మనిషిని అలా చూసుకోలేకపోయాను. పద్దెనిమిదేళ్లు నా తోటని కళ్లలో పెట్టుకున్నదాన్ని నలుగురిలో తల దించుకునేలా చేశాను. నిన్ను అంత అవమానించాక కూడా, నువ్వు నా తోటకి చీమల్ని పంపావు. ఎవరికీ చెప్పకుండా తాడు కట్టి వెళ్లిపోయావు. నాకు నిన్ను చూస్తే గర్వంగా ఉంది, నన్ను చూసుకుంటే అసహ్యంగా ఉంది. క్షమించమని అడుగుతున్నాను.

వచ్చే సోమవారం నుంచి పిక్కలు ఏరాలి. ఆడవాళ్లందరికీ కబురు పెట్టాను. నయోమి గెడ పట్టుకుంటేనే వస్తామన్నారు. వాళ్లందరి ముందు, పక్క తోటల వాళ్లని కూడా పిలిపించి, నీ తప్పు లేదని నా నోటితో చెబుతాను. చీమలు కుట్టకుండా మీ అన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు పన్నెండు ఉతికి మడత పెట్టాను, చీరల మీద తొడుక్కోండి. మణికట్లకి రాసుకోవడానికి బూడిద జల్లించి ఉంచాను. నీ గెడ నువ్వు ఆనించిన చెట్టుకే ఆనించి ఉంది. పోయిన ఏడు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

నీ వేళ్లకి కొబ్బరినూనెలో పసుపు కాచి సీసాలో పోసి పంపుతున్నాను. కృపకి నా ముద్దులు.

ఇట్లు,
నీ రాక కోసం బాట వైపు చూస్తూ,
నీ అప్ప
వరహాలు

తా.క.: ఉత్తరం మడిచి అంటించబోయి మళ్లీ విప్పాను. పైన ఒక చోట అబద్ధం రాశాను. గూళ్లు మీ అన్న కాల్పించలేదు. ఆ శివరాత్రికి ఆయన రావివలసలో ఎండల మల్లికార్జున స్వామి దగ్గర ఉన్నాడు. ఊళ్లో లేని మనిషి గూళ్లు ఎలా కాల్పిస్తాడు? నీకు ఈ సంగతి అప్పుడే తట్టి ఉంటుంది, అయినా నా ముఖం మీద అడగలేదు. ఆయన తిరిగొచ్చి తోట చూసి, నేను తన పేరు చెప్పానని తెలిసి కూడా ఎవరి దగ్గరా కాదనలేదు. మొన్న అడిగితే, "పోన్లే, సీమలు నా మీద కేసెడతాయేటి," అన్నాడు.

పిక్కలు ఏరేవాళ్లని కుడుతున్నాయని కూడా కాదు. మీలో ఎవరూ నాతో అలా అనలేదు. దానికి ముందు రోజు నా జాకెట్లో చీమ దూరి, నేను గెంతి, బుట్ట తిరగబడి, ఇసకలో దొర్లాను కదా. మీరందరూ నవ్వారు. నువ్వు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "ఒలప్పా, సీమక్కూడా నీ మీదే మనసైందేటి," అన్నావు. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే గూళ్లు కాల్పించాను. నువ్వు నవ్వావని కాల్పించాను, ఇంకే కారణమూ లేదు. చిగుళ్లు మాడినప్పుడు లోపల ఎక్కడో నాకు అనుమానం తగిలింది. అందుకే నీ మీద అంత గట్టిగా అరిచాను.

ఈ తాజా కలం కూడా అందరి ముందు చదివించు. చదివించడానికి నీకు మొహమాటమైతే నేనే చదువుతాను. పడమటి వైపు తాడు మనిద్దరం కలిసి కడదాం, ఆ ముడి నాకు నేర్పించు. కట్టేటప్పుడు చీమ మళ్లీ నా జాకెట్లో దూరితే నవ్వాపుకోకు.